అధ్యక్షుడు అభ్యర్థిగా మారిన వాక్యం

ఇరవై రెండేళ్ళు నేను ఇతరులు మాట్లాడింది రాసి బతికాను. సొంత మాటలు కాగితం మీద పెట్టడం ఇదే మొదలు. ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "ఆంటీ, మీ సర్వీసులో మర్చిపోలేనిది ఏంటి?" అని అడుగుతుంటారు. ప్రతిసారీ ఇదే చెప్తాను. చెప్పిన ప్రతిసారీ నాకే ఏదో కొత్తగా తోస్తుంది.

పెళ్ళికి ముందు ఏడేళ్ళు గుంటూరులో కోర్టు స్టెనోగా చేశాను. అక్కడ నాకు పని నేర్పిన పెద్దాయన ఒకే సూత్రం చెప్పారు: విన్న మాట రాయి, అనుకున్న మాట రాయకు. మా వారికి సింగపూర్‌లో ఉద్యోగం వచ్చి ఇక్కడికి వచ్చాక, సైన్స్ పార్క్‌లో ఒక చిన్న సంస్థ చెవులు బాగా పనిచేసే మనుషుల కోసం వెతుకుతోందని తెలిసి వెళ్ళాను. రెండో అంతస్తులో పదహారు కుర్చీలు, పదహారు హెడ్‌ఫోన్లు. కంపెనీల సమావేశాలు, డాక్టర్ల సదస్సులు, ఏవి వస్తే అవి విని ఇంగ్లీషులో రాసివ్వడం మా పని. కిటికీలోంచి చూస్తే చెట్లు, షటిల్ బస్సు. లోపల పదహారు మంది నోరు మెదపకుండా కూర్చుని ప్రపంచంలో ఎవరెవరో మాట్లాడుకునేది వింటూ ఉంటాం.

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు మాకో విచిత్రమైన పని వచ్చింది. దూరాన ఉన్న ఒక ద్వీప దేశం. పేరు చెప్పను, చెప్పినా మీలో సగం మంది పటంలో వెతుక్కోవాలి. అక్కడ అధ్యక్ష ఎన్నికలు. అప్పటికే కుర్చీలో ఉన్న అధ్యక్షుడు మళ్ళీ నిలబడ్డాడు, ఆయన మీద మరో ముగ్గురు పోటీ. ఆ దేశపు చట్టం ఏమంటుందంటే, ఎన్నికల రోజుల్లో అధ్యక్షుడు అధ్యక్షుడిగా మాట్లాడితే టీవీలో ఎంతసేపైనా వేసుకోవచ్చు. అభ్యర్థిగా మాట్లాడితే మాత్రం, ఆయన ఎన్ని సెకన్లు మాట్లాడితే మిగతా ముగ్గురిలో ఒక్కొక్కరికీ అన్ని సెకన్లు ఇవ్వాలి. ఎవరు లెక్కపెట్టినా రెండోవాళ్ళు పక్షపాతం అంటారు. అందుకని అక్కడి టీవీ ఛానల్ వాళ్ళు, ఆ దేశంతో ఏ సంబంధమూ లేని మాకు ఆ పని అప్పగించారు.

పని ఇదీ. ఆయన ప్రసంగాలతో పాటు మిగతా ముగ్గురివీ విని రాయాలి. ప్రతి వాక్యం ఎదురుగా రెండు గుర్తుల్లో ఒకటి పెట్టాలి. ఒకటి 'అధికారికం', రెండోది 'ప్రచారం'. అంటే ఆయన ఏ నిమిషంలో అధ్యక్షుడు, ఏ నిమిషంలో అభ్యర్థి అనేది నేను తేల్చాలి. అది ఆయనింట్లో వాళ్ళకే తెలుసో లేదో.

మా బల్లకు ముగ్గురం. మా షిఫ్టు సూపర్‌వైజర్‌ను నేను అన్నా అనేదాన్ని. ఆయన ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల్లో పనికి వచ్చాడట. ఆయన తెలుగులో సగం తమిళం, అక్కడక్కడా మలయ్. నన్ను చెల్లెమ్మా అనబోయి తంగచ్చీ అనేవారు. మూడో మనిషి కొత్తగా చేరిన అమ్మాయి, కరీంనగర్ పిల్ల. ఇరవై ఆరేళ్ళు. చెవి నాకంటే చురుకు, నోరు ఇంకా చురుకు.

రెండో వారంలో అధ్యక్షుడు చేపల రేవు ప్రారంభోత్సవంలో మాట్లాడాడు. వలలకు సబ్సిడీ, కొత్త ఐసు ఫ్యాక్టరీ, అన్నీ చెప్పి చివర్లో ఒక చిన్న కథ చెప్పాడు. "మన పడవ చుక్కాని పట్టుకుంటామని ముగ్గురు బయల్దేరారు. ఒకాయనకు పడవెక్కితే వాంతులు. ఇంకొకాయన సముద్రం ఎటువైపని దారిన పోయేవాళ్ళను అడుగుతున్నాడు. మూడో ఆవిడ తన పడవ తానే అమ్ముకుంది." జనం చాలాసేపు నవ్వారు. నేను ఆ వాక్యాలన్నిటికీ 'అధికారికం' అని పెట్టాను.

పక్క కుర్చీలోంచి ఆ అమ్మాయి హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపింది.

"ఆంటీ, ముగ్గురు అంటుండు. పోటీల ఉన్నది గూడ ముగ్గురే గద."

"పేర్లు చెప్పాడా?"

"చెప్పలే. కానీ గట్ల నవ్వుతున్నరంటే వాళ్ళకు ఎరుకనే ఉంటది."

"నవ్వుకి గుర్తు పెట్టమని మనకెవరూ చెప్పలేదమ్మా. విన్నది రాయాలి. ఊహించుకున్నది కాదు."

ఆ అమ్మాయి హెడ్‌ఫోన్ సర్దుకుంది. నాకు అప్పుడు కాస్త గర్వంగా కూడా అనిపించింది, పెద్దదాన్ని కదా, సూత్రం నేర్పాను అని.

రెండు రోజులకు ఛానల్ నుంచి ఉత్తరం వచ్చింది. అభ్యర్థుల్లో ఒకాయన డాక్టరు. ప్రచారానికి ఫెర్రీలో వెళ్తూ కెమెరాల ముందే వాంతి చేసుకున్నాడు. రెండో ఆయన ఇరవై ఏళ్ళు పరదేశంలో ఉండి వచ్చాడు. మూడో ఆవిడ తాతల కాలం నాటి ఫెర్రీ వ్యాపారం అమ్మేసింది. ఆ దేశంలో చిన్న పిల్లలకు కూడా ఈ సంగతులు తెలుసు. సైన్స్ పార్క్‌లో నాకు తెలియదు. మేము పెట్టిన గుర్తును నమ్మి ఛానల్ వాళ్ళు ఆ కథను రోజంతా వార్తల్లో వేశారు. ముగ్గురూ కలిసి ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేశారు. ఛానల్ క్షమాపణ చెప్పుకుంది.

మా మేనేజర్ చైనీస్ ఆవిడ, నా వయసే. గొంతు పెంచదు. ఇంగ్లీషులో అడిగింది, నేను తెలుగులో చెప్తున్నాను, మాట చివర ఇక్కడివాళ్ళు చేర్చే 'లా' మాత్రం అలాగే ఉంచాను.

"పొరపాట్లు జరుగుతాయి లా. నేను తెలుసుకోవాల్సింది ఒకటే. మీ ముగ్గురిలో ఎవరికీ అనుమానమే రాలేదా?"

"రాలేదు," అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఆ అమ్మాయి గదిలోనే ఉంది. నా వైపు చూడలేదు, బల్ల మీద ఏదో గీతను వేలితో రుద్దుతూ కూర్చుంది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్న టిష్యూ పొట్లం పెట్టి నాకు సీటు చోప్ చేసి, అంటే పట్టి, ఉంచారు. నాసి లెమాక్, కొబ్బరిపాల అన్నం, ముందు పెట్టుకుని, తినకుండా నాకోసం చూస్తున్నారు.

"తంగచ్చీ, మకాన్ ఆనక చేద్దాం, తిండి ఎక్కడికీ పోదు. ఆ పొణ్ణు, ఆ పిల్ల, నీతో చెప్పింది కదా. నా చెవిన పడింది."

"పడిందా?"

"మన పనే అది. చెవిన పడటం." ఒక వేరుశనగ గింజ నోట్లో వేసుకున్నారు. "నువ్వు తప్పు గుర్తు పెట్టావు, పర్వాలేదు. ఇప్పుడు చెప్పింది మాత్రం అబద్ధం. అది నీకు సూట్ కాదు."

నేను ప్లేటు అక్కడే వదిలి పైకి వెళ్ళి మేనేజర్‌తో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ విని, "సరే, ఇక నుంచి గుర్తు నువ్వు పెట్టు, దాని మీద రెండో సంతకం ఆ అమ్మాయిది," అంది. అంతే. అమ్మాయికి క్షమాపణ చెప్పబోతే, "పోనీండ్రి ఆంటీ, పాత స్పీచులన్నీ ఒకసారి విందామా?" అంది. నేను అవమానంతో చచ్చిపోతుంటే ఆ పిల్లకు మాత్రం ఆ అధ్యక్షుడు ఎలా మాట్లాడతాడో తెలుసుకోవాలన్న కుతూహలం.

ఆ కుతూహలం నాకూ అంటుకుంది. ఆయన నాలుగేళ్ళ ప్రసంగాలు తెప్పించుకున్నాం. రైల్లో వినేదాన్ని. ఆదివారం లిటిల్ ఇండియాలో గోంగూర ఏరుతూ వినేదాన్ని. మా వారు నవ్వేవారు, "పెళ్ళైన కొత్తలో నా మాటలు కూడా ఇంత శ్రద్ధగా వినలేదు," అని. నిజం చెప్పాలంటే అధ్యక్షుడి మాటలు వినడం నాకు ఇష్టంగానే ఉండేది. ఒకప్పుడు బడిపంతులట. నెమ్మదిగా, ఎదుటివాడికి అర్థమైందో లేదో చూసుకుంటూ మాట్లాడతాడు. ముసలమ్మలను పేరు పెట్టి పలకరిస్తాడు. అలాంటి మనిషి రెండు నిమిషాల తర్వాత ఎదుటి అభ్యర్థిని పట్టుకుని చీల్చేస్తాడు. ఆ రెండు గొంతులూ ఒకే గొంతులోంచి ఎలా వస్తాయన్నదే నాకు పెద్ద వింత.

ఆ రెండిటినీ విడదీసే దారి కనిపెట్టింది ఆ అమ్మాయే.

"ఆంటీ, కాగితం చూసి చదివేటప్పుడు 'ప్రభుత్వం' అంటడు. కాగితం పక్కకు పెట్టిండంటే 'నేను' అంటడు. జర వినుండ్రి, మైకుల కాగితం చప్పుడు గూడ వస్తది."

విన్నాను. నిజమే. చిన్నగా కాగితం చప్పుడు, ఒక గుక్క నీళ్ళు, ఆ తర్వాత 'నేను'. అక్కడి నుంచి అభ్యర్థి మొదలు. తర్వాతి నెల రోజులూ మా గుర్తుల మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. అన్న మా ఇద్దరికీ క్యాంటీన్‌లో, ఇక్కడివాళ్ళు కోపి అనే కాఫీ ఇప్పించారు.

ఇక తుఫాను రోజు.

పోలింగ్‌కు ఐదు రోజులుంది. అక్కడ ఉదయం, మాకు మధ్యాహ్నం. అధ్యక్షుడు జాతినుద్దేశించి మాట్లాడతాడని అరగంట ముందు కబురొచ్చింది. పెద్ద తుఫాను, సాయంత్రానికి ఉత్తర తీరాన్ని తాకుతుంది. ప్రసంగం ఒకసారి ప్రత్యక్షంగా వస్తుంది. ఆ తర్వాత సాయంత్రం దాకా పావుగంటకోసారి మళ్ళీ మళ్ళీ వేస్తారు. కాకపోతే మేము 'ప్రచారం' అని పెట్టిన వాక్యాలు కత్తిరించి వేస్తారు. ఛానల్‌లో సగం మంది ఇళ్ళు సర్దుకోవడానికి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు మా గుర్తుల ప్రకారం కోసి వేయడం తప్ప ఆలోచించే స్థితిలో లేరు.

ఈసారి కాగితం చప్పుడు లేదు. ఆయనకు కాగితమే లేదు. గాలి ఎంత వేగంతో వస్తుందో చెప్పాడు, పడవలు ఒడ్డుకు లాగమన్నాడు, మందులు దగ్గర పెట్టుకోమన్నాడు. గొంతులో నిజమైన ఆందోళన ఉంది. ఆ తర్వాత ఒకే ఊపిరిలో ఈ వాక్యం వచ్చింది:

"ఉత్తర తీరంలో ఉన్న ప్రతి ఒక్కరూ సాయంత్రం నాలుగు లోపల, నేను కట్టించిన, నా మీద పోటీ చేస్తున్న డాక్టరుగారు దండగ ఖర్చని సభలో చెయ్యెత్తి అడ్డుకోబోయిన ఆ ఐదు బడుల్లోకి వెళ్ళిపోండి, ఆయన మాట వినుంటే ఈ రాత్రి మీ పిల్లలు ఎక్కడ పడుకునేవాళ్ళో మీరే ఆలోచించండి."

పందొమ్మిది సెకన్లు. నా వేళ్ళు ఆగిపోయాయి.

'అధికారికం' అని పెడితే, సాయంత్రం దాకా పావుగంటకోసారి డాక్టరుగారికి దెబ్బ. ప్రాణభయంతో టీవీ ముందు కూర్చున్న జనానికి అంతకంటే బాగా తగిలే ప్రచారం ఉండదు. 'ప్రచారం' అని పెడితే ఆ వాక్యం ఎగిరిపోతుంది. దానితో పాటే ఎక్కడికి వెళ్ళాలో, ఎన్నింటి లోపల వెళ్ళాలో కూడా ఎగిరిపోతుంది. ఆ తీరంలో పాత బడులు కూడా ఉన్నాయని మాకు తెలుసు, రేకుల కప్పువి. జనం వాటిలోకి వెళ్తే?

"మధ్యలో కోసేద్దాం ఆంటీ," అంది అమ్మాయి.

ఎక్కడ కోయాలి? 'వెళ్ళండి' అనే మాట డాక్టరుగారి తర్వాత వస్తుంది. 'ఏ బడులు' అన్నదానికి గుర్తే డాక్టరుగారు. ఆ తిట్టు తీసేస్తే చిరునామా పోతుంది.

మేనేజర్ వెనక వచ్చి నిలబడింది. "మళ్ళీ వేయడానికి ఇంకా పదిహేను నిమిషాలుంది," అంది.

"ఇది ప్రచారం," అన్నాను. "అని పెడతాను. కానీ ఆ ఐదు బడుల పేర్లు, నాలుగు గంటల సంగతి వేరే కాగితం మీద రాసి పంపుదాం. వాళ్ళ అనౌన్సరు చదువుతుంది."

"మన ఒప్పందంలో సలహాలివ్వడం లేదు. రేపు ఏదైనా తేడా వస్తే మనమే జవాబు చెప్పాలి. గుర్తు పెట్టి పంపెయ్ లా."

"నేను జవాబు చెప్తాను."

ఆవిడ ఒక్క క్షణం నా ముఖం చూసింది. "పేర్లు తెలుసా?"

తెలియవు. కానీ ఆ బడుల ప్రారంభోత్సవాల్లో ఆయన మాట్లాడిన మాటలు మా దగ్గరే ఉన్నాయి, తెప్పించిన పాత ప్రసంగాల్లోంచి రాసిపెట్టుకున్నవే. అమ్మాయి వెతికి ఐదు నిమిషాల్లో నాలుగు పేర్లు తీసింది. ప్రతిదాన్నీ పటంలో చూసి సరిపోల్చింది. ఐదోది దొరకలేదు. ఐదో బడికి ప్రారంభోత్సవం జరగలేదో, జరిగినా మాకు రాలేదో. అన్న తన కుర్చీలోంచే చెయ్యెత్తారు.

"ఇరు, ఇరు, ఆగు. డాక్టరు మాట్లాడింది చూడు. తిట్టాలంటే పేరు చెప్పాలి కదా."

అవును. నెల కిందట డాక్టరుగారు ఒక సభలో, జనం లేని ఊళ్ళో బడి కట్టారని ఆ ఐదో బడిని పేరు పెట్టి ఎగతాళి చేశాడు. దాన్నీ మేమే రాశాం. ఆ ఊళ్ళో జనం ఉన్నారో లేరో గానీ, ఆ పూట పేరు మాత్రం డాక్టరుగారి దయవల్లే దొరికింది.

ఐదు పేర్లూ, 'సాయంత్రం నాలుగు లోపల' అన్న మాటా ఒక కాగితం మీద అన్నే పెద్ద అక్షరాల్లో పెట్టారు. వాక్యం ఎదురుగా నేను 'ప్రచారం' అని పెట్టాను, అమ్మాయి రెండో సంతకం చేసింది. మేనేజర్ ఫోన్ తీసుకుని, "మెయిల్ మీరు పంపండి. వాళ్ళు చూసేదాకా నేను లైన్లో ఉంటాను," అంది.

పది నిమిషాల తర్వాత అక్కడి అనౌన్సరు గొంతు వినిపించింది. ఐదు బడుల పేర్లు ఒకటొకటిగా చదివింది. రెండోసారి ఇంకా నెమ్మదిగా చదివింది. ఆ పూట ఇంటికి వెళ్తూ రైలెక్కాల్సిన స్టేషన్ దాటి చాలా దూరం నడిచేశాను.

తుఫాను నిజంగానే వచ్చింది. రెండు పాత బడుల కప్పులు ఎగిరిపోయాయి, లోపల మనుషులు లేరు. అది మా కాగితం వల్లే అని నేననను. ప్రత్యక్ష ప్రసారం విన్నవాళ్ళున్నారు, పోలీసులు ఇల్లిల్లూ తిరిగారు. పోలింగ్ రెండు వారాలు వాయిదా పడింది. ఆ రెండు వారాల్లో అధ్యక్షుడి పార్టీ మా మీద ఫిర్యాదు చేసింది, ప్రాణాలు కాపాడే మాటను నొక్కేశారని.

విచారణ వీడియోలో జరిగింది. అటువైపు ఎన్నికల సంఘం వాళ్ళు ముగ్గురు, మధ్యలో తెల్లజుట్టు ఛైర్మన్, ఆవిడ పక్కన పార్టీ లాయరు. ఇటువైపు నేను, నా వెనక గోడ. లాయరు గట్టివాడు.

"మీరు ఎప్పుడైనా మా దేశం వచ్చారా?"

"లేదండి."

"తుఫానులో ఉన్నవాళ్ళకి మా అధ్యక్షుడు దారి చూపిస్తుంటే, ఏసీ గదిలో కూర్చుని దానికి ప్రచారమని పేరు పెట్టారు. ఆ వాక్యంలో ఆయన ఏ మాట దగ్గర అధ్యక్షుడు కాకుండా పోయాడో చూపించండి."

ఆ ప్రశ్న వస్తుందని ముందు రాత్రంతా ఆలోచించినా నాకు అది దొరకలేదు. ఉన్నదే చెప్పాను. "చూపించలేనండి. ఆ వాక్యంలో ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు."

లాయరు ఛైర్మన్ వైపు తిరిగాడు, చూశారా అన్నట్టు. ఆవిడ మాత్రం నన్నే చూస్తోంది.

"మరి ప్రచారం అనే ఎందుకు పెట్టారు?"

"దారి ఎవరైనా చెప్పొచ్చండి. అనౌన్సరు చెప్పింది, పోలీసు చెప్పాడు. డాక్టరుగారిని ఆ మాట అనాల్సిన అవసరం మాత్రం ఆయనొక్కడికే ఉంది. అందుకని ఆ వాక్యం అభ్యర్థిదే అనుకున్నాను. దారి అందులోంచి తీసి విడిగా పంపాం."

ఆవిడ ఏదో రాసుకుంది. చేపల రేవు గుర్తు గురించి కూడా అడిగింది. అది నా తప్పేనని, మా అమ్మాయి చెప్పినా వినలేదని చెప్పాను.

వారానికి తీర్పు వచ్చింది. గుర్తు సరైనదే. ఆ వాక్యం ప్రత్యక్షంగా ఒకసారి ప్రసారమైంది కాబట్టి ముగ్గురు అభ్యర్థులకూ తలా పందొమ్మిది సెకన్లు ఇవ్వాలి. సరే, ఇచ్చారు. ఆ పందొమ్మిది సెకన్లు విని రాసి గుర్తు పెట్టడం మళ్ళీ మా పనే.

డాక్టరుగారు పందొమ్మిది సెకన్లలో అధ్యక్షుణ్ణి మూడు తిట్లు తిట్టాడు. ఊపిరి చాలక చివరి మాట మింగేశాడు. పరదేశం నుంచి వచ్చినాయన తన పేరు, తన ఎన్నికల గుర్తు రెండేసిసార్లు చెప్పుకున్నాడు. ఇద్దరికీ 'ప్రచారం' అని పెట్టాం.

మూడో ఆవిడ, పడవ అమ్ముకున్నావిడ, తెర మీదకొచ్చి ఒక కాగితం చూసి చదివింది. ఉత్తర తీరంలో మూడు ఊళ్ళకు మంచినీళ్ళ బండ్లు ఏ రోజు, ఎన్నింటికి, ఏ మలుపు దగ్గర ఆగుతాయో చెప్పింది. బావి నీళ్ళు కాచకుండా తాగొద్దంది. పందొమ్మిది సెకన్లు అయిపోయాయి.

ముగ్గురం హెడ్‌ఫోన్లు తీసేశాం.

"ఓటు అడగలేదు," అన్నారు అన్న. "పేరు కూడా చెప్పుకోలేదు తంగచ్చీ."

"దీనికేం పెడదాం ఆంటీ?" అంది అమ్మాయి.

"ప్రచారమే. అభ్యర్థికిచ్చిన టైమంతా ప్రచారం కిందే రాయాలని నిబంధనల కాగితంలో ఉంది కదమ్మా."

"నీళ్ళబండి ఎప్పుడొస్తదో చెప్తే ప్రచారం ఎట్లయితది?"

"ఆవిడ అభ్యర్థి కాబట్టి."

"మరి గాయన ప్రెసిడెంటే గద. ఆయన మాట్లాడిందంతా అధికారికం అన్నమా మనం?"

నిబంధన ప్రకారం 'ప్రచారం' అని పెట్టాను. ఆ అమ్మాయి ఆ పందొమ్మిది సెకన్లూ ఇంకోసారి విని రెండో సంతకం చేసింది.

ఎన్నికల్లో ఆ అధ్యక్షుడే మళ్ళీ గెలిచాడు. నీళ్ళబండ్ల ఆవిడ మూడో స్థానంలో వచ్చింది. ఛానల్ మాతో ఒప్పందం కొనసాగించలేదు. అటువాళ్ళకీ ఇటువాళ్ళకీ మేము నచ్చలేదట, మా మేనేజర్ దాన్ని మెచ్చుకోలుగానే తీసుకుంది.

నేను రిటైరయ్యాను. నా కుర్చీలో ఇప్పుడు ఆ కరీంనగర్ అమ్మాయి కూర్చుంటోంది. తను ఆ రోజు అడిగినదానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. మీలో ఎవరికైనా తోస్తే నాకు కాదు, వెళ్ళి తనకు చెప్పండి. వింటుంది.